దేవుని పనికి బిల్లు వేయొచ్చా?

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాం. అమీర్‌పేటలో ఒక యాడ్ ఏజెన్సీలో గ్రాఫిక్ డిజైనర్‌ని, నెలకు 27 వేలు చేతికొస్తాయి. నాలుగేళ్లుగా మా సంఘానికి డిజైన్లన్నీ ఉచితంగా నేనే చేస్తున్నాను. పోస్టర్లు, ఫ్లెక్స్‌లు, యూట్యూబ్ థంబ్‌నెయిల్స్, ఆదివారం పాటల స్లైడ్లు, అన్నీ. రాత్రి పదకొండు దాటాక కూడా ‘బ్రదర్, చిన్న మార్పు’ అని వాట్సాప్ వస్తుంది. ఇప్పుడు పాస్టర్ గారు ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ మీడియా పరిచర్యకి రమ్మంటున్నారు. 14 వేలు ఇస్తారట, మిగతాది ప్రభువు చూసుకుంటాడన్నారు. ఒకసారి డబ్బుల సంగతి ఎత్తితే సంఘ పెద్ద ఒకాయన ‘దేవుని పనికి కూడా లెక్కలేనా’ అన్నారు. అమ్మ వెళ్లమంటోంది, నాన్న వద్దంటున్నారు. నాకు ఆ పని ఇష్టమే. కానీ ఆరాధనలో ప్రశాంతంగా కూర్చుని ఎన్నాళ్లయిందో గుర్తులేదు. ఏం చేయమంటారు? ఈస్టర్‌కి చేసిన పోస్టర్ జత చేశాను, ఎలా ఉందో కూడా చెప్పండి.
ఒక తమ్ముడు, ఉప్పల్

సమాధానం: తమ్ముడూ, ముందు నాన్న మాట విను, ఉద్యోగం మానకు. తర్వాత అమ్మ మాట కూడా విను, చర్చి పని వదలకు. ఇద్దరి మాటా ఎలా నెగ్గించాలన్నదే అసలు సంగతి.

నా గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. నేను చర్చికి వెళ్లే మనిషిని కాదు. కానీ చిక్కడపల్లిలో ఇరవై రెండేళ్లు డీటీపీ సెంటర్ నడిపాను. శుభలేఖలు, గుడి కరపత్రాలు, చర్చి క్యాలెండర్లు... అన్ని దేవుళ్ల పనీ నా చేతి మీదుగానే పోయింది. బైబిల్ కూర్చుని చదవలేదు గానీ టైప్ చేసింది మాత్రం చాలానే. కాబట్టి విశ్వాసం గురించి నేను నీకు చెప్పేదేమీ లేదు. పని గురించి, డబ్బు గురించి చెప్పగలను.

ముందు లెక్క. 27 వేలు వదిలి 14 వేలకు వెళ్తే నెలకు 13 వేలు పోతాయి, ఏడాదికి లక్షా యాభై ఆరు వేలు. ఇప్పటి జీతం మీద సంఘానికి దశమభాగం, అంటే పదో వంతు, ఇస్తే 2,700. వాళ్లు నిన్ను అడుగుతున్నది దాదాపు సగం. ఇది కానుకే కదా అనొచ్చు, ఇవ్వాలనిపిస్తే ఇవ్వు కూడా. కానీ ఎంత ఇస్తున్నావో నీకూ, తీసుకుంటున్నవాళ్లకూ తెలిసి ఇవ్వాలి. ఇప్పుడు వాళ్లు తామే నీకు 14 వేలు ఇస్తున్నామనుకుంటున్నారు. నువ్వు 13 వేలు ఇస్తున్నావన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు.

డబ్బు కన్నా నన్ను ఆపుతున్నది ఇంకొకటి. రేపు నీ పెళ్లి చేసేది ఆ పాస్టర్ గారే. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి వచ్చి ప్రార్థన చేసేదీ ఆయనే. అలాంటి మనిషి దగ్గర ‘అయ్యగారూ, ఈ నెల జీతం ఇంకా పడలేదండీ’ అని ఎలా అడుగుతావు? అడగలేవు. అడగలేక లోపల నలిగి, చివరికి మనిషి మీదా మందిరం మీదా కూడా విరక్తి తెచ్చుకుంటావు. ఇలా మధ్యలో వదిలేసి వెళ్లిన కుర్రాళ్లను నేను ఇద్దరు ముగ్గుర్ని చూశాను. జీతం దగ్గర మొదలైన గొడవకి వాళ్లు సంఘమే మారిపోయారు.

ఇంకా చిన్నవాడివి, పని నేర్చుకునే వయసు. ఏజెన్సీలో నీ పక్క సీటువాడో పైవాడో ‘ఇది బాలేదురా, మళ్లీ చెయ్’ అంటాడు. చర్చిలో ఏం చేసిచ్చినా ‘చాలా బాగుంది బ్రదర్, దేవునికే మహిమ’ అంటారు. వినడానికి బాగుంటుంది. మూడేళ్లు అదే విన్న డిజైనర్ చేయి ఎలా తయారవుతుందో నీకే తెలుసు.

ఇక ‘చిన్న మార్పు’ల సంగతి. నీ ఏడాది పని ఎంతో ఎప్పుడైనా కాగితం మీద పెట్టావా? నేను పెట్టి చూశాను. జనవరి ఒకటికి వాగ్దాన కార్డులు (ఏడాదికి ఒక బైబిల్ వాక్యం రాసి ఇచ్చేవి), క్యాలెండర్. ఆ తర్వాత నలభై రోజుల శ్రమల కాలం, మట్టల ఆదివారం. మంచి శుక్రవారం ఒక్కటే ఒక యజ్ఞం. సిలువ మీద ఏడు మాటలకి ఏడుగురు ప్రసంగీకులు, ఏడుగురికీ ఏడు ఫొటోలు. ఆ ఫొటోలు వాట్సాప్‌లో వస్తాయి. ఒకటి సెల్ఫీ, ఒకటి గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించింది, ఒకటి ఖాయంగా ఆధార్ కార్డులోది. ఏడూ ఒకే సైజులో, ఒకే వెలుగులో కనబడాలి. ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన. మేలో పిల్లల వీబీఎస్‌కి, అంటే సెలవుల బైబిల్ బడికి, బ్యానర్, బ్యాడ్జీలు, సర్టిఫికెట్లు. యవ్వనస్థుల కూడిక, స్త్రీల కూడిక, సంఘ వార్షికోత్సవం. నవంబర్‌లో మళ్లీ క్యాలెండర్. డిసెంబర్ మొత్తం సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్, క్రిస్మస్, చివర్లో 31 రాత్రి ఆరాధన, వాచ్‌నైట్. వీటి మీద వారానికో థంబ్‌నెయిల్ చొప్పున యాభై రెండు, పుట్టినరోజులు, పెళ్లిరోజులు, సంతాపాలు. ఇది ‘కాస్త సాయం’ కాదు తమ్ముడూ, సగం ఉద్యోగం. నాలుగేళ్లుగా నువ్వు ఉద్యోగమున్నర చేస్తున్నావు.

సంఘ పెద్ద గారి ప్రశ్నకి నా దగ్గర ఒక ఎదురు ప్రశ్న ఉంది. ఉజ్జీవ సభలకి షామియానా వేసినవాడికి డబ్బులు ఇచ్చారా లేదా? మైక్ సెట్ వాడికి? ఫ్లెక్స్ కొట్టినవాడు చదరపు అడుగు లెక్కన తీసుకున్నాడా లేదా? భోజనాలు వండినవాళ్లకి? అందరికీ ఇచ్చారు, ఇవ్వాలి కూడా. నీ ఒక్కడి దగ్గరకొచ్చేసరికి మాత్రం అది సేవ అయింది. ఎందుకంటే నీ పనికి కర్ర, గుడ్డ, బియ్యం ఖర్చవడం కంటికి కనబడదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో నొక్కుతాడు, వచ్చేస్తుంది అనుకుంటారు. అందులో దురుద్దేశమేమీ లేదు, వాళ్లకి తెలియదంతే. తెలియజేయాల్సింది నువ్వు. బైబిల్లో లూకా 10:7లో ‘పనివాడు తన జీతమునకు పాత్రుడు’ అని ఉంది. ఇరవై రెండేళ్లలో ఎన్నో వాగ్దాన క్యాలెండర్లు టైప్ చేశాను గానీ, ఏ నెలకీ ఆ వాక్యం వేయమని ఒక్కరూ అడగలేదు.

తెలియజేయడానికి పోట్లాట అక్కర్లేదు. ప్రతి పనికీ బిల్లు రాయి. ఉచితంగా చేసినదానికి కూడా. ఇలా:

ఉజ్జీవ సభల పోస్టర్ ఒకటి, 10 బై 8 అడుగుల ఫ్లెక్స్ డిజైన్ ఒకటి, రెండు వైపుల ఆహ్వాన పత్రిక ఒకటి: 4,500 రూపాయలు. కానుకగా తగ్గించినది: 4,500. చెల్లించవలసినది: లేదు.

ఒక మూడు నెలలు ఇలా పంపి చూడు. కోశాధికారి ఆ కాగితాలు వరుసగా ఫైల్‌లో పెడతాడు. కమిటీ మీటింగ్‌లో ఒకరోజు ఎవరో ఒకరు కూడిక వేస్తారు. ఆ మొత్తం చూశాక ‘దేవుని పనికి లెక్కలా’ అన్న పెద్దమనిషే గొంతు తగ్గిస్తాడు. నా షాపులో మా గుడి కమిటీకి నేను చేసిందీ ఇదే. రెండో ఏడాది వాళ్లంతట వాళ్లే అడ్వాన్స్ పంపారు.

పాస్టర్ గారితో మాట్లాడేటప్పుడు ఒంటరిగా, ఆదివారం కాని రోజు వెళ్లు. ఫోన్‌లో వద్దు. ‘అయ్యగారూ, నన్ను నమ్మి అడిగారు, సంతోషం. ఉద్యోగం మాత్రం వదలలేను. నెలకు ఇన్ని పనులు బాధ్యతగా చేస్తాను, దానికి ఇంత ఇవ్వండి. ఈస్టర్, క్రిస్మస్ పనులు నా కానుక’ అను. ఎంత అడగాలంటే, వాళ్లు ఎలాగూ 14 వేలు తీసి పెట్టుకున్నారు కాబట్టి ఏడెనిమిది వేలకి నెలవారీ ఒప్పందం అంటే వాళ్లకీ మిగులుతుంది, నీకూ ఉద్యోగం నిలుస్తుంది. ఒప్పుకున్నది ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. నెలకు ఎన్ని పోస్టర్లు, ఒక్కోదానికి ఎన్ని మార్పులు (రెండు చాలు), ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రాత్రి తొమ్మిది తర్వాత వచ్చిన మెసేజ్ మర్నాటి లెక్క. అన్నిటికన్నా ముఖ్యం, సంఘం తరఫున నీతో మాట్లాడేది ఒక్కరే ఉండాలి. ఇప్పుడు నీకు పాస్టర్ గారు ఒక మార్పు, ఆయన భార్య అమ్మగారు ఒకటి, యూత్ లీడర్ ఒకటి, పెద్దలు తలా ఒకటి పంపుతుంటారు. ఎవరో ఒకరు అన్నీ పోగేసి ఒకేసారి పంపాలి.

సంతకాల గురించి ఇంత పట్టుబడుతున్నానంటే, చెయ్యి కాలింది కాబట్టి. షాపు పెట్టిన కొత్తలో ఒక సంఘానికి వెయ్యి క్యాలెండర్లు చేశాను. ‘ఆయన మన నిమిత్తము తన ప్రాణము పెట్టెను’ అన్న వాక్యం కింద ‘యోహాను 3:16’ అని పడింది. ఉండాల్సింది 1 యోహాను 3:16. అది సువార్త, ఇది పత్రిక, అంటే లేఖ. రెండూ బైబిల్లో వేరు వేరు పుస్తకాలు. ముందు ఆ ఒక్క అంకె లేదు. నాకు తేడా తెలియదు, తెలిసినవాళ్లు ప్రూఫ్ చూడలేదు. ఫోన్‌లో ‘కొట్టేయండమ్మా’ అన్నారు, కొట్టేశాను. డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్‌లో పంచేటప్పుడు ఒక ముసలాయన లేచి పట్టుకున్నారట. తప్పు నాది అన్నారు, ప్రూఫ్ చూడాల్సింది మీరు కదా అన్నాను. చివరికి వెయ్యి క్యాలెండర్ల మీద అంకె ఉన్న చిన్న స్టిక్కర్ అతికించాం, నేనూ మా అమ్మాయీ, నేల మీద కూర్చుని. ఆ తర్వాత ప్రూఫ్ మీద సంతకం లేకుండా ఒక్క పనీ ప్రెస్‌కి పంపలేదు. నువ్వు కాగితం మీద సంతకం తీసుకోనక్కర్లేదు, ఆ ఒక్క మనిషి ‘చూశాను, ఓకే’ అని వాట్సాప్‌లో రాస్తే చాలు. వాక్యం మాత్రం ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడకు. అచ్చు బైబిల్ తెరిచి పెట్టుకుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు స్క్రీన్ మీద చూడండి. క్యాలెండర్ ఫైల్ నవంబర్ మొదటి వారంకల్లా ప్రెస్‌కి చేరాలి. తర్వాత బ్యాంకులవీ షాపులవీ క్యాలెండర్లు, డైరీలు వచ్చి పడతాయి, నీ వెయ్యి కాపీలని ఎవరూ పట్టించుకోరు.

తెలుగు అక్షరాల గురించి కూడా నాలుగు మాటలు. ఇది నా జబ్బు, భరించు. ‘స్త్రీల ఉపవాస ప్రార్థన’, ‘క్రీస్తు పునరుత్థానం’. చర్చి పోస్టర్లో ఏ పదం చూడు, వత్తులే. ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే స, త, ర విడివిడిగా పొల్లులతో వచ్చి పడుతున్నాయంటే నీ ఫాంట్ తప్పు కాదు. కాస్త పాత ఫొటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్‌ని వరల్డ్-రెడీ లేఅవుట్‌కి మార్చు. ఇంకా పాత వెర్షన్లలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. ఇన్‌డిజైన్‌లో, ఇలస్ట్రేటర్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. అను ఫాంట్లతోనే చేస్తానంటే చెయ్, మా తరమంతా వాటి మీదే బతికాం. కానీ అవి యూనికోడ్ కావు. అందులో టైప్ చేసిన వాక్యాన్ని వాట్సాప్‌లోకి కాపీ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం తేలుతుంది. ఫ్లెక్స్ షాపుకి పంపేటప్పుడు అక్షరాలు కర్వ్స్ చేసి, అంటే బొమ్మ గీతలుగా మార్చి, పంపడం మర్చిపోకు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, ఎన్టీఆర్ ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర లావుగా నిలబడుతుంది, ఫ్లెక్స్ మీద పేరుకి బాగుంటుంది. మండలి చిన్న అక్షరాల్లో కూడా చదవొస్తుంది.

బొమ్మల దగ్గర జాగ్రత్త. గూగుల్లో యేసు ప్రభువు అని కొట్టి వచ్చింది తీసి వాడేస్తుంటారు. ‘చర్చికి కదా, ఎవరడుగుతారు’ అంటారు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో మతపరమైన కార్యక్రమాలకి మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ అది ఆ కార్యక్రమంలో పాట పాడటానికి, వాయించడానికి, వినిపించడానికి. ఎవరో వేసిన బొమ్మని పోస్టర్ మీద అచ్చు వేసుకోవడానికి కాదు. అంతకన్నా, ఆ అరువు బొమ్మలన్నీ ఒకేలా ఉంటాయి. అదే గొర్రెపిల్ల, అవే మేఘాల్లోంచి కిరణాలు. నువ్వు మంచి ఫోన్ పట్టుకుని మీ మందిరంలోనే ఒక వారం తిరుగు. పాటల పుస్తకం పట్టుకున్న ముసలమ్మ చేతులు, గుమ్మం బయట వదిలిన చెప్పుల వరస, క్యారల్స్‌కి బయల్దేరే ఆటో ట్రాలీ. అలాంటి పోస్టర్ హైదరాబాద్‌లో ఇంకే సంఘానికీ ఉండదు. మనుషుల ముఖాలు కనబడితే వాళ్లని అడుగు, పిల్లలైతే వాళ్ల అమ్మానాన్నల్ని అడుగు.

ఎవరి ఫొటో ఎంత సైజు అన్న పంచాయితీ నీకు కొత్త కాదనుకుంటా. దానికి ఒకటే మందు. కమిటీ దగ్గర ఒక నమూనా పాస్ చేయించుకో. అతిథి ఇంత, పాస్టర్ గారు ఇంత, మిగతావాళ్లకి పేర్లే. ఇక ఎవరు అలిగినా ‘కమిటీ నిర్ణయం అంకుల్’ అనొచ్చు.

ఫ్లెక్స్‌లు స్తంభాలకి కడితే మున్సిపల్ కార్పొరేషన్ జరిమానా వేస్తుంది, ఆ మాట నువ్వే ముందు చెప్పు. 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి కూడా. మందిరం లోపలికైతే గుడ్డ మీద ప్రింట్ చేయించండి, ఏటా పనికొచ్చేలా సంవత్సరం వేయకుండా.

హక్కుల విషయం. బయటి మనిషిగా చేసిన డిజైన్ సాధారణంగా నీదే, సంతకంతో రాసిస్తే తప్ప. జీతగాడిగా చేరి చేస్తే యజమానిదవుతుంది. ఏదైనా సరే, పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చని ఆ ఒక్క పేజీ ఒప్పందంలో ఒక లైన్ రాయించుకో. అలాగే సంఘం యూట్యూబ్ ఛానల్, మెయిల్, పాస్‌వర్డ్‌లు నీ సొంత ఖాతా మీద ఉంటే వెంటనే వాళ్ల పేరు మీదకి మార్చు. రేపు నువ్వు బెంగళూరు వెళ్లిపోతే వాళ్లు ఇబ్బంది పడకూడదు.

ఇక నీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టుకున్న వాక్యం. ‘ఆరాధనలో ప్రశాంతంగా కూర్చుని ఎన్నాళ్లయిందో గుర్తులేదు’ అన్నావు. జీతం గురించి నాలుగు లైన్లు రాశావు, దీని గురించి ఒక్కటే. నాకైతే ఇదే అసలు ఉత్తరం అనిపించింది. నువ్వు వెనక టేబుల్ దగ్గర లాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటావు. పాట రెండో చరణానికి వెళ్లిందా, పల్లవికి తిరిగిందా, అదే చూస్తుంటావు. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నువ్వు తర్వాతి స్లైడ్ వెతుకుతుంటావు. మీ అమ్మ పాటల బృందంలోనో ముందు వరసలోనో ఉంటుంది, ఆమె పక్కన కూర్చుని ఎన్నాళ్లయింది? ఫుల్‌టైమ్ చేరితే ఆ కాస్తా పోతుంది. ఆదివారం నీకు ఆఫీసు రోజు అయిపోతుంది.

కాబట్టి స్లైడ్ల పని ఈ నెలలోనే ఇంకొకరికి నేర్పు. ఇంటర్ చదివే పిల్లలు ఇద్దరిని తీసుకో, మగపిల్లాడొకడు, ఆడపిల్లొకతె. నాలుగు వారాలు పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు, నీకన్నా వేగంగా చేస్తారు. మొదట్లో చరణాలు తప్పుతాయి, జనం నోటికొచ్చిన పాటే కాబట్టి పాడేస్తారు. నెలకు రెండు ఆదివారాలు నువ్వు లాప్‌టాప్ ముట్టుకోవని అమ్మకి మాటివ్వు. బైబిల్లో నిర్గమకాండంలో దేవుని ఆరాధనకి గుడారం కట్టేటప్పుడు జనం కానుకలు తెచ్చి పడేస్తుంటే, ఇక చాలు, తేవద్దని మోషే చాటించాడు. అది నాకు ఒక కస్టమర్ పాస్టర్ గారే చెప్పారు, బిల్లు తగ్గించమని అడగడానికి వచ్చిన రోజున. చాలు అనడం ఆ పుస్తకంలోనే ఉందన్నమాట.

రెండేళ్లు ఇలా గడిచాక, చేతిలో కాస్త డబ్బు కూడాక, అప్పటికీ ఫుల్‌టైమ్ వెళ్లాలనే ఉంటే మళ్లీ రాయి. అప్పుడు నా జవాబు వేరేగా ఉండొచ్చు.

నీ ఈస్టర్ పోస్టర్ చూశాను. ఖాళీ సమాధిలోంచి వెలుగు తెచ్చిన తీరు బాగుంది, రంగులు బాగున్నాయి. కింద సమయం, స్థలం ఉన్న లైన్ మరీ చిన్నదైంది, ముసలివాళ్లు చదవలేరు. పైన పెద్ద అక్షరాల్లో ‘ప్రార్ధన’ అని ఉంది. అది ధ కాదు, థ. కడుపులో చుక్క ఉండాలి. ఫ్లెక్స్ ఇంకా కొట్టకపోతే ఇవాళే మార్చి పంపు.